ఎనిమిదో తరగతి ఏడాది: ఏం చదవాలి, ఏం చేయగలగాలి, ఎక్కడ మొదలుపెట్టాలి

"ఏడో తరగతి దాకా లెక్కల్లో ఏ ఇబ్బందీ లేదు, ఎనిమిదిలోకి రాగానే ఏమైందో తెలియడం లేదు." నన్ను తల్లిదండ్రులు ఎక్కువగా అడిగేది ఇదే. పిల్లలు అడిగేది ఇంకోలా ఉంటుంది: "చదివింది గుర్తుంది, కానీ పేపర్లో ప్రశ్న చూస్తే అర్థం కావడం లేదు." రెండూ ఒకే చోట నుంచి వస్తున్నాయి. ఆ చోటు ఎక్కడుందో వెతకడం, దాన్ని సరిచేయడం, తర్వాత ఏడాదంతా పని ఏ వరుసలో చేయాలో చూడడం, ఈ మార్గదర్శిలో ఉన్నదంతా అదే.

పిల్లలూ పెద్దలూ పక్కపక్కన కూర్చుని చదవండి. పక్కన పెన్సిలు, రఫ్ నోటు ఉంచుకోండి. మధ్యలో చేయాల్సిన పనులున్నాయి.

## 1. ఎనిమిదిలో మారేది ఏమిటి

ఏడో తరగతి దాకా ప్రశ్న "జవాబు ఎంత?" అని ఉంటుంది. ఎనిమిది నుంచి "ఎలా వచ్చింది? ఎందుకు అంతే?" అని అడుగుతారు. అంకెల స్థానంలోకి అక్షరాలు వస్తాయి. సైన్సులో నిర్వచనం రాస్తే సగం మార్కులే, కారణం రాస్తేనే మిగతా సగం. భాషలో కథ తిరిగి చెప్పడం చాలదు, దాని మీద మన మాట చెప్పి నిలబెట్టుకోవాలి.

పాఠాల వరుస ఒక్కో సిలబస్‌లో ఒక్కోలా ఉంటుంది. కానీ ఏడాది చివరికి పిల్లలు చేయగలగాల్సినవి దాదాపు అన్నిచోట్లా ఇవే:

- ఒక తెలియని రాశి ఉన్న సమీకరణాన్ని మాటల నుంచి తయారుచేసి, సాధించి, సరిచూడడం
- అకరణీయ సంఖ్యలు, ఘాతాంకాలు, వర్గాలు, వర్గమూలాలతో తడబడకుండా లెక్కచేయడం
- అనుపాతం, శాతం, సగటు, గ్రాఫు చదవడం
- వైశాల్యం, ఘనపరిమాణం, పైథాగరస్ సిద్ధాంతం వాడడం
- ఒక చిన్న ప్రయోగాన్ని సొంతంగా చేసి, నివేదిక రాయడం
- ఒక అభిప్రాయాన్ని కారణాలతో, ఆధారాలతో ఒకటిన్నర పేజీ రాయడం
- చదివిన పాఠాన్ని మూడో వంతుకి కుదించి సొంత మాటల్లో చెప్పడం
- ఒక సంఘటనకి కారణాలు, ఫలితాలు విడదీసి చూపడం

ఈ జాబితాను అద్దం పక్కనో అలమారా తలుపు మీదో అంటించండి. నెలకోసారి చూసి, వచ్చినవాటికి టిక్ పెట్టండి.

## 2. పుస్తకం తెరవక ముందు: పాత గుంతలు వెతకండి

ఎనిమిదిలో ఇబ్బంది పడే పిల్లల్లో చాలామందికి ఎనిమిదో తరగతి పాఠం కష్టం కాదు. ఐదు, ఆరు తరగతుల్లో సగం సగం అర్థమై దాటిపోయిన భిన్నాలు, రుణ సంఖ్యలు ఇప్పుడు అడ్డుపడుతుంటాయి. సమీకరణం సాధించే పద్ధతి సరిగానే ఉంటుంది, మధ్యలో ఒక గుర్తు తప్పుతుంది. జవాబు తప్పు చూసి "నాకు ఆల్జీబ్రా రాదు" అనుకుంటారు.

అందుకని మొదటి రోజు ఈ పది లెక్కలు చేయించండి. 20 నిమిషాలు, క్యాలిక్యులేటర్ లేకుండా.

1. 2/3 + 1/4
2. −7 + 3
3. (−4) × (−6)
4. 5 − (−8)
5. 3/4 ÷ 3/8
6. 0.3 × 0.2
7. 250లో 12 శాతం
8. 18 − 6 × 2
9. 2 : 5 = 8 : ?
10. దీర్ఘచతురస్రం చుట్టుకొలత 26 సెం.మీ., పొడవు 8 సెం.మీ. వెడల్పు ఎంత?

జవాబులు: 11/12, −4, 24, 13, 2, 0.06, 30, 6, 20, 5 సెం.మీ.

పదికి ఎన్ని వచ్చాయని చూడకండి. ఏవి తప్పాయో చూడండి.

- 2, 3, 4 తప్పితే: గుర్తుల గుంత
- 1, 5 తప్పితే: భిన్నాల గుంత
- 6, 7 తప్పితే: దశాంశాలు, శాతాలు
- 8 తప్పితే: ఏది ముందు చేయాలన్న వరుస
- 9, 10 తప్పితే: లెక్క వచ్చు, ప్రశ్నను చదవడం రాలేదు

గుంత దొరికాక పది రోజులు, రోజుకి 15 నిమిషాలు దానికే ఇవ్వండి. రెండు మూడు గుంతలుంటే గుర్తులతోనే మొదలుపెట్టండి. బీజగణితంలో ప్రతి వరుసలోనూ గుర్తు ఉంటుంది కాబట్టి అది సరిపోతే మిగతావి తేలికవుతాయి.

"మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకు?" అని అడిగిన పిల్లలకి "అది రూలు" అని చెప్పకండి. ఇలా రాయించండి:

3 × (−4) = −12
2 × (−4) = −8
1 × (−4) = −4
0 × (−4) = 0
(−1) × (−4) = ?

పై నుంచి కిందికి జవాబు ప్రతిసారీ 4 చొప్పున పెరుగుతోంది. 0 తర్వాత ఏం రావాలి? 4. పిల్లలు సొంతంగా కనిపెట్టిన రూలు మరిచిపోరు.

## 3. బీజగణితం: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

ఈ భాగాన్ని కావాలనే పొడిగిస్తున్నాను. తొమ్మిది, పది తరగతుల లెక్కలూ, ఫిజిక్సు సూత్రాలూ అన్నీ దీని మీదే నిలబడతాయి. పుస్తకంలో తెలియని రాశిని ఎక్స్ అంటారు. నేనిక్కడ "క" అంటాను.

### 3.1 త్రాసుతో మొదలు, అడ్డదారి తర్వాత

3క + 5 = 20.

చాలామందికి మొదటి రోజే "ప్లస్ ఐదు అటు వెళ్తే మైనస్ అవుతుంది" అని నేర్పుతారు. అది తప్పు కాదు, కానీ తొందర. ఆ ఒక్క మాటే తెలిసిన పిల్లవాడు 3క = 15 దగ్గరికి వచ్చి, 3ని కూడా అలాగే అటు పంపి, క = 15 − 3 = 12 అని రాస్తాడు. ఈ తప్పు నేను ప్రతి ఏడాదీ చూస్తాను.

సమీకరణం త్రాసు లాంటిది. రెండు పళ్ళాల్లోనూ ఒకే పని చేస్తేనే సమంగా నిలుస్తుంది. మొదటి 20 లెక్కలు ఇలా రాయించండి:

3క + 5 = 20
రెండు వైపులా 5 తీసేస్తే: 3క = 15
రెండు వైపులా 3తో భాగిస్తే: క = 5
సరిచూడడం: 3 × 5 + 5 = 20. సరిపోయింది.

రెండు వైపులా ఏం చేశామో మాటల్లో రాయాలి. విసుగే. 20 లెక్కల తర్వాత మానేసి పక్షాంతరం (అటు పంపి గుర్తు మార్చే ఆ అడ్డదారి) వాడుకోవచ్చు. అప్పటికి అడ్డదారి ఎందుకు పనిచేస్తుందో చేతికి తెలిసిపోతుంది.

### 3.2 బ్రాకెట్ ముందు మైనస్

5(క − 2) − 3(క − 4) = 12

సరైన విస్తరణ: 5క − 10 − 3క + 12 = 12. అంటే 2క + 2 = 12, క = 5.

ఎక్కువమంది +12 దగ్గర −12 రాస్తారు. అప్పుడు 2క = 34, క = 17 వస్తుంది. చూడడానికి అదీ చక్కని జవాబే. దాన్ని పట్టుకునేది సరిచూడడం ఒక్కటే: 5 × 15 − 3 × 13 = 75 − 39 = 36. పన్నెండు రాలేదు. కాబట్టి తప్పు.

సరిచూడడానికి అర నిమిషం పడుతుంది. పరీక్షలో ఈ అర నిమిషం ఇచ్చే మార్కులు ఇంకేదీ ఇవ్వదు.

### 3.3 మాటల లెక్కలు

లెక్క: తండ్రి వయసు కొడుకు వయసుకి 4 రెట్లు. 10 ఏళ్ళ తర్వాత తండ్రి వయసు కొడుకు వయసుకి రెండున్నర రెట్లు అవుతుంది. ఇప్పుడు వాళ్ళ వయసులెంత?

చేయాల్సిన వరుస:

1. లెక్కను రెండుసార్లు చదవండి. రెండోసారి చదివేటప్పుడు "ఏం అడిగారు" అన్నదాని కింద గీత గీయండి.
2. చిన్న రాశిని క అనుకోండి. కొడుకు క, తండ్రి 4క.
3. పట్టిక వేయండి. ఇప్పుడు: కొడుకు క, తండ్రి 4క. 10 ఏళ్ళ తర్వాత: కొడుకు క + 10, తండ్రి 4క + 10.
4. మిగిలిన వాక్యాన్ని సమీకరణం చేయండి: 4క + 10 = 2.5 × (క + 10).
5. సాధించండి: 4క + 10 = 2.5క + 25, అంటే 1.5క = 15, క = 10.
6. జవాబును వాక్యంలో రాయండి: కొడుకుకి 10, తండ్రికి 40.
7. సమీకరణంలో కాకుండా అసలు లెక్కలో పెట్టి చూడండి: 10 ఏళ్ళ తర్వాత 20, 50. ఇరవైకి రెండున్నర రెట్లు 50. సరే.

ఏడో అడుగు ఎందుకు అంత ముఖ్యమంటే, సమీకరణమే తప్పుగా రాసి ఉంటే దానిలో పెట్టి చూసినా సరిపోయినట్టే కనిపిస్తుంది. లెక్కలోకి వెళ్తేనే దొంగ దొరుకుతాడు.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు తండ్రికి 10 కలిపి కొడుక్కి కలపడం మరిచిపోవడం. పట్టిక వేస్తే గడి ఖాళీగా కనబడుతుంది కాబట్టి మరిచిపోరు.

### 3.4 సర్వసమీకరణాలు, ఘాతాంకాలు

అక్షరాల స్థానంలో ఏ సంఖ్య పెట్టినా నిజమయ్యే సమీకరణాన్ని సర్వసమీకరణం అంటారు. (క + గ)² అంటే క² + గ² అని రాసే పిల్లలకి 3, 4 పెట్టి చూడమనండి. (3 + 4)² = 49. 3² + 4² = 25. మధ్యలో 24 ఎక్కడికి పోయింది?

గళ్ళ కాగితం మీద 7 గళ్ళ భుజం ఉన్న చతురస్రం గీయండి. పైన 3 దగ్గర, పక్కన 3 దగ్గర గీత గీస్తే నాలుగు ముక్కలవుతాయి: 9, 12, 12, 16. ఆ రెండు పన్నెండ్లే (క + గ)² = క² + 2కగ + గ² అన్న సూత్రంలోని 2కగ. ఈ బొమ్మ ఒకసారి గీసినవాళ్ళు సూత్రంలో మధ్య పదాన్ని వదిలేయడం అరుదు.

గుర్తుపెట్టుకోవాల్సిన మరికొన్ని తప్పులు, వాటి పక్కనే సరైనవి:

- 2³ అంటే 6 కాదు, 2 × 2 × 2 = 8
- 2³ × 2⁴ అంటే 2¹² కాదు, 2⁷
- −3² అంటే −9. (−3)² అంటే 9. బ్రాకెట్ ఉందా లేదా చూడాలి
- √(9 + 16) అంటే 3 + 4 కాదు. √25 = 5
- 5⁰ అంటే 0 కాదు, 1

పెద్ద సంఖ్యలను పది ఘాతాల్లో రాయడం చాలామందికి పొడిపాఠంలా అనిపిస్తుంది. దానికొక లెక్క ఇవ్వండి. సూర్యుడు మనకు సుమారు 1.5 × 10¹¹ మీటర్ల దూరంలో ఉన్నాడు. కాంతి సెకనుకి సుమారు 3 × 10⁸ మీటర్లు వెళ్తుంది. భాగిస్తే 0.5 × 10³, అంటే 500 సెకన్లు. ఎనిమిది నిమిషాల 20 సెకన్లు. మనం చూసే ఎండ ఎనిమిది నిమిషాల కిందట బయల్దేరిందని రెండు వరుసల లెక్కతో తేలితే పిల్లల ముఖాలు వెలగడం నేను చూశాను.

## 4. జ్యామితి, కొలతలు

బొమ్మ గీయకుండా లెక్క మొదలుపెట్టకూడదు. ప్రశ్నలో బొమ్మ ఇచ్చినా మళ్ళీ గీసి, తెలిసిన కొలతలన్నీ దాని మీద రాయాలి.

పైథాగరస్ లంబకోణ త్రిభుజానికే పనిచేస్తుంది. లంబకోణం ఉందని రూఢి చేసుకున్నాక, దానికి ఎదురుగా ఉన్నది కర్ణం అని గుర్తుపెట్టండి. కర్ణం కావాలంటే వర్గాలు కూడాలి, భుజం కావాలంటే తీసేయాలి. కర్ణం 13, ఒక భుజం 5 అయితే 169 − 25 = 144, రెండో భుజం 12. ఇక్కడ 169 + 25 చేస్తే కర్ణం కన్నా పెద్ద భుజం వస్తుంది. అలా వచ్చిందంటే వెనక్కి వెళ్ళాలి.

ప్రమాణాల దగ్గర ఒక్క పొరపాటు చాలా ఖరీదైనది: 1 చదరపు మీటరు 100 చదరపు సెంటీమీటర్లు కాదు, 10,000. భుజం రెట్టింపైతే వైశాల్యం 4 రెట్లు, ఘనపరిమాణం 8 రెట్లు అవుతుంది. ఈ రెండింటినీ గళ్ళ కాగితం మీద, చిన్న ఘనాలు పేర్చి చూపిస్తే చాలు.

## 5. సైన్సు: ఒక ప్రయోగం మొదటి నుంచి చివరి దాకా

ఎనిమిదో తరగతి సైన్సులో కణం, సూక్ష్మజీవులు, బలం, పీడనం, ఘర్షణ, ధ్వని, కాంతి, దహనం, లోహాలు, అలోహాలు లాంటివి వస్తాయి. వీటన్నిటికన్నా ముందు ఒక పద్ధతి రావాలి: ఒక్కదాన్నే మార్చి, మిగతావి కదలకుండా ఉంచి, చూసింది చూసినట్టు రాయడం. అది లోలకంతో ఇంట్లోనే నేర్చుకోవచ్చు.

### 5.1 సిద్ధం చేసుకోవాల్సినవి

- సాగని దారం, మీటరున్నర
- బరువుకి ఒక నట్టు లేదా చిన్న రాయి
- స్కేలు లేదా టేపు
- ఫోనులో స్టాప్‌వాచ్
- దారం కట్టడానికి కదలని కొక్కెం

### 5.2 చేసే వరుస

1. ప్రశ్న రాయండి: దారం పొడవు మారితే ఊగే సమయం మారుతుందా?
2. మీ ఊహ రాయండి. దీన్నే పరికల్పన అంటారు. ప్రయోగానికి ముందే రాయాలి, తర్వాత దిద్దకూడదు.
3. కొక్కెం నుంచి బరువు మధ్య భాగం దాకా 25 సెం.మీ. ఉండేలా కట్టండి.
4. కొద్దిగా పక్కకి లాగి వదలండి. తొయ్యకూడదు.
5. 10 డోలనాలకు పట్టిన సమయం చూడండి. ఒక కొస నుంచి బయల్దేరి మళ్ళీ అదే కొసకి వస్తే ఒక డోలనం.
6. ఇలా మూడుసార్లు చేసి సగటు తీయండి.
7. 50 సెం.మీ., 100 సెం.మీ. పొడవులతో మళ్ళీ చేయండి. బరువు అదే, లాగే దూరమూ దాదాపు అంతే ఉండాలి.

10 డోలనాలు ఎందుకంటే, స్టాప్‌వాచ్ నొక్కడంలో మనకు జరిగే ఆలస్యం పదికి పంచుకుపోయి తప్పు చిన్నదవుతుంది.

### 5.3 ఏం రావాలి, రాకపోతే ఎందుకు

10 డోలనాలకు 25 సెం.మీ. దగ్గర సుమారు 10 సెకన్లు, 50 దగ్గర సుమారు 14, 100 దగ్గర సుమారు 20 సెకన్లు వస్తాయి. పొడవు నాలుగింతలైతే సమయం రెండింతలే అయిందన్నమాట.

- 25 సెం.మీ.కి 5 సెకన్లే వచ్చిందా? వెళ్ళడాన్ని ఒకటి, రావడాన్ని ఇంకొకటి లెక్కపెట్టారు.
- 100 సెం.మీ.కి 18 వచ్చిందా? వదిలినప్పుడే "ఒకటి" అన్నారు. వదిలేటప్పుడు "సున్నా" అనాలి.
- మూడుసార్లూ మూడు రకాలుగా వచ్చిందా? బరువు నేరుగా కాకుండా గుండ్రంగా తిరుగుతోంది, లేదా కొక్కెం కదులుతోంది.

ఒకవేళ ఊహకి విరుద్ధంగా వస్తే, ఫలితాన్ని ఊహకి తగ్గట్టు మార్చి రాయడం మాత్రం చేయనివ్వకండి. సైన్సు మొత్తంలో నేను గట్టిగా పట్టుబట్టేది ఇదొక్కటే. ఊహ తప్పిన నివేదికకి కూడా పూర్తి మార్కులు ఇవ్వాలి.

### 5.4 నివేదిక

ప్రశ్న, పరికల్పన, వస్తువులు, పద్ధతి, పరిశీలనల పట్టిక, ముగింపు, తప్పు జరగడానికి అవకాశాలు. ఈ ఏడు ఉపశీర్షికలతో రెండు పేజీలు చాలు.

పరిశీలన వేరు, ముగింపు వేరు. "100 సెం.మీ. దగ్గర 10 డోలనాలకు 20 సెకన్లు పట్టింది" అన్నది పరిశీలన. "పొడవు పెరిగితే ఒక్కో డోలనానికి ఎక్కువ సమయం పడుతుంది" అన్నది ముగింపు. రెండింటినీ కలిపి ఒకే పేరాలో రాస్తే అడ్డంగా గీత గీసి మళ్ళీ రాయించండి.

### 5.5 మిగతా పాఠాలకి

సూత్రం ఉన్న చోట ప్రమాణం పక్కనే రాయాలి. జీవశాస్త్రం బొమ్మలు పుస్తకం మూసి గీయాలి, తర్వాత తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దుకోవాలి. వృక్షకణానికీ జంతుకణానికీ తేడాలు బట్టీ పట్టే బదులు "చెట్టుకి ఇది ఎందుకు కావాలి?" అని అడగండి. కదలలేదు, తన ఆహారం తానే చేసుకోవాలి. ఈ రెండు మాటల నుంచి కణకవచం, హరితరేణువు వాటంతటవే వస్తాయి.

ధ్వని పాఠానికి: గాలిలో శబ్దం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకనుకి సుమారు 343 మీటర్లు వెళ్తుంది. మెరుపు కనిపించాక ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లంటే సుమారు ఒక కిలోమీటరు. ఇంట్లో కూర్చుని చేయాల్సిన లెక్క ఇది, బయట నిలబడి కాదు.

## 6. భాష: సారాంశం, వాదన

### 6.1 సారాంశం

1. పాఠాన్ని ఒకసారి ఆగకుండా చదవండి.
2. రెండోసారి, ప్రతి పేరా పక్కన నాలుగైదు మాటల్లో దాని సంగతి రాయండి.
3. పుస్తకం మూయండి.
4. ఆ మాటలు మాత్రమే చూస్తూ రాయండి. 300 పదాల పాఠానికి 100 పదాలు.
5. పుస్తకం తెరిచి, ముఖ్యమైనది ఏమైనా వదిలేశారా, లేనిది ఏమైనా చేర్చారా చూడండి.

మూడో అడుగు దాటేస్తే అది సారాంశం కాదు, అక్కడొక వాక్యం ఇక్కడొక వాక్యం ఎత్తి రాయడమే అవుతుంది.

### 6.2 వాదన రాయడం

"రోజూ హోంవర్క్ ఉండాలా?" అని ఇచ్చారనుకోండి. సాధారణంగా వచ్చే రాత ఇలా ఉంటుంది: "హోంవర్క్ చాలా మంచిది. హోంవర్క్ వల్ల చాలా ఉపయోగాలు ఉన్నాయి. అందరూ హోంవర్క్ చేయాలి." మూడు వాక్యాల్లోనూ ఒకే మాట.

దీన్ని నాలుగు ప్రశ్నలతో నిలబెట్టండి. నీ మాట ఏమిటి? ఎందుకు? నీకెలా తెలుసు? కాదనేవాళ్ళు ఏమంటారు, వాళ్ళకి నీ జవాబేమిటి?

అప్పుడు ఇలా వస్తుంది: "హోంవర్క్ రోజూ ఉండాలి, కానీ తక్కువ ఉండాలి. క్లాసులో టీచర్ చేస్తుంటే అర్థమైనట్టే ఉన్న లెక్క, ఇంట్లో ఒక్కడినే చేస్తే ఎక్కడ ఆగిపోతున్నానో తెలుస్తుంది. పోయిన వారం బ్రాకెట్ల లెక్కలు నాకు అలాగే తెలిశాయి. ఆటలకు సమయం ఉండదని కొందరంటారు. అది నిజమే, అందుకే ఒక్కో సబ్జెక్టుకి మూడు నాలుగు ప్రశ్నలు చాలంటాను."

సొంత అనుభవం ఆధారంగా వచ్చిందని గమనించండి. ఎనిమిదో తరగతికి అది చాలు. రాశాక పైకి చదవాలి. ఊపిరి అందని వాక్యాన్ని రెండు చేయాలి.

## 7. సాంఘికశాస్త్రం

తేదీలను విడివిడిగా బట్టీ పట్టకండి. పాఠానికొక కాలరేఖ గీసి, ప్రతి సంఘటన కింద "దీనికి ముందు ఏం జరిగింది, దీని వల్ల ఏం జరిగింది" అని రెండు బాణాలు వేయండి. ఉత్తరాన్నో శాసనాన్నో ఇచ్చి ప్రశ్నలడిగితే మూడు విషయాలు చూడాలి: ఎవరు రాశారు, ఎప్పుడు, ఎవరి కోసం.

పటాల దగ్గర ఒక్క లెక్క పట్టుకుంటే చాలు. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, గంటకి 15. సున్నా డిగ్రీల రేఖాంశం దగ్గర మధ్యాహ్నం 12 అయితే, 75 డిగ్రీల తూర్పు దగ్గర స్థానిక సమయం సాయంత్రం 5. తూర్పుకి కలపాలి, పడమరకి తీసేయాలి.

## 8. తప్పుల నోటు, వారం పని

కొత్త నోటు ఒకటి కొనండి. దాని పేరు తప్పుల నోటు. ప్రతి పేజీలో మూడు గడులు: ప్రశ్న, నేను తప్పు రాసిన వరుస, ఎందుకు తప్పాను.

మూడో గడిలో "తొందర" అని రాయనివ్వకండి. అందరూ అదే రాస్తారు, దానివల్ల ఏమీ తెలియదు. "బ్రాకెట్ ముందు మైనస్‌ను రెండో పదానికి ఇవ్వలేదు" అని రాయాలి.

మూడు రోజుల తర్వాత అదే ప్రశ్నను జవాబు చూడకుండా చేయాలి. పది రోజుల తర్వాత ఇంకోసారి. రెండుసార్లూ సరిగ్గా వస్తే కొట్టేయాలి. నెల తిరిగేసరికి ఆ నోటులో మిగిలినవే పిల్లల అసలు సిలబస్.

వారం రోజుల పని ఇలా ఉంటే నడుస్తుంది:

- రోజూ లెక్కలు 30 నిమిషాలు. ఒక్కరోజు మూడు గంటలు చేసి ఆరు రోజులు మానేస్తే చెయ్యి తిరగదు
- సైన్సు, సాంఘికం రోజు మార్చి రోజు, 30 నిమిషాలు
- భాషలు 20 నిమిషాలు: మూడు రోజులు చదవడం, రెండు రోజులు రాయడం
- ఆదివారం ఒక గంట: తప్పుల నోటు, వచ్చే వారం ఇవ్వాల్సిన పనుల జాబితా

ప్రాజెక్టు ఇచ్చినప్పుడు ఇవ్వాల్సిన తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. చివరి రెండు రోజులు ఖాళీగా ఉంచి, రాయడానికి మూడు, సమాచారం సేకరించడానికి నాలుగు. గ్రూపు పని అయితే ఎవరు ఏం చేస్తారో మొదటి రోజే కాగితం మీద పేర్లతో రాసుకోవాలి.

ఈ వయసుకి రాత్రిపూట ఎనిమిది నుంచి పది గంటల సేపు నిద్ర కావాలి. పరీక్ష ముందు రాత్రి నిద్ర తగ్గించి చదివించడం వల్ల, గుర్తుతో సహా సరిగ్గా రావాల్సిన లెక్కలే మొదట దెబ్బతింటాయి.

## 9. పక్కన కూర్చునే పెద్దలకి

మీకు ఎనిమిదో తరగతి లెక్కలు గుర్తులేకపోయినా ఫరవాలేదు. పిల్లలు ఆగిపోయినప్పుడు ఈ మూడు ప్రశ్నలు అడగండి, తర్వాత మాట్లాడకుండా ఆగండి.

1. ఏం అడిగారు?
2. ఏం ఇచ్చారు?
3. ఎక్కడిదాకా నీకు ఖాయంగా తెలుసు?

మూడో ప్రశ్నకి జవాబు చెబుతూ సగం మంది తప్పు తామే పట్టుకుంటారు.

చేయకూడనివి:

- పెన్సిలు మీరు తీసుకుని లెక్క చేసి చూపించడం
- "ఇంత తేలికైనది కూడా రాదా" అనడం. ఆ మాట విన్నాక మర్నాడు నుంచి అనుమానం వచ్చినా అడగరు
- మార్కుల కాగితంలో మొదట అంకె చూడడం. మొదట తప్పిన ప్రశ్నలు చూడండి

రెండు వారాలు పనిచేసినా అదే తప్పు తిరిగి వస్తుంటే తప్పుల నోటు తీసుకుని టీచర్ని కలవండి. "మావాడు లెక్కల్లో వీక్" అంటే టీచర్ చేయగలిగింది తక్కువ. "బ్రాకెట్ ముందు మైనస్ ఆరుసార్లు తప్పాడు" అని నోటు చూపిస్తే పది నిమిషాల్లో పని జరుగుతుంది.

## 10. ఏడాది మధ్యలో ఉన్నవాళ్ళు

మొదటి పాఠం నుంచి తిరిగి మొదలుపెట్టకండి. ఇలా చేయండి:

- ఇవాళ: రెండో భాగంలోని పది లెక్కలు
- ఈ వారం: దొరికిన గుంతకి రోజుకి 15 నిమిషాలు, దాంతోపాటు క్లాసులో ఇప్పుడు నడుస్తున్న పాఠం
- వచ్చే వారం: పాత పరీక్ష పేపర్లన్నీ తీసి, తప్పినవాటిని తప్పుల నోటులోకి ఎక్కించడం
- ఆ తర్వాత నెల: మూడో భాగంలోని 20 త్రాసు లెక్కలు, పది మాటల లెక్కలు
- సెలవులొచ్చినప్పుడు: వదిలేసిన పాఠాలు, సులువైన వాటి నుంచి కాకుండా తర్వాతి పాఠాలకి అవసరమైన వాటి నుంచి. లెక్కల్లో అయితే సమీకరణాలు, ఘాతాంకాలు, సర్వసమీకరణాలు, ఆ తర్వాత వైశాల్యాలు. గ్రాఫులు, సగటులు చివరికి ఉంచినా నష్టం లేదు, అవి వారంలో వచ్చేస్తాయి